రెప్పల కౌంటర్

పిడుగురాళ్ల బైపాస్ మీదున్న ఒక సిమెంటు రవాణా కంపెనీలో, ట్రిప్పు ఎక్కే ముందు డ్రైవర్లు తమ కనురెప్పలు తీసి కౌంటర్లో అప్పగించడం జూన్ ఒకటో తేదీ నుంచి మొదలైంది. రెప్పలు తీయడం పెద్ద కష్టమేమీ కాదు. సబ్బునీళ్ళతో ముఖం కడుక్కుని, రెప్పని బయటి మూల నుంచి మెల్లగా లాగితే వచ్చేస్తుంది. మొదటి వారం కాస్త మంటగా ఉంటుంది, తర్వాత అలవాటైపోతుంది. అలవాటు కానిదంటూ ఈ లోకంలో ఏముంది గనక?

దీనికంతటికీ మూలం క్యాబిన్లో బిగించిన కెమెరాలు. ఒకటి రోడ్డు వైపు చూస్తుంది, ఇంకొకటి డ్రైవర్ వైపు. రోడ్డు వైపు చూసేదాని మీద ఎవరికీ కోపం లేదు. రాంగ్‌రూట్‌లో వచ్చి గుద్దిన కారువాడిదే తప్పని చూపించి, అది ఒక డ్రైవర్‌ని జైలు గుమ్మం దాకా పోకుండా కాపాడింది కూడా. లోపలికి చూసేదానితోనే పేచీ. ఆవులిస్తే కూస్తుంది, తల గోక్కుంటే కూస్తుంది, కళ్ళు మూస్తే నేరుగా ఆఫీసుకి కబురు పంపుతుంది. రెప్పపాటుకీ నిద్రకీ తేడా తెలియక అది నెలకి నలభై వేల హెచ్చరికలు పంపింది. కెమెరాని బాగుచేయాలంటే హైదరాబాద్ నుంచి మనిషి రావాలి. రెప్పలు తీయడానికి ఎవరూ రానక్కర్లేదు. కంపెనీ తేలికైన దారే పట్టింది.

కౌంటర్లో కూర్చునే గుమాస్తా సామ్రాజ్యం. యాభై దాటిన మనిషి, నోరు పెద్దది, మనసు అంతకంటే పెద్దది. ఆమె రెప్పల్ని తడిదూదిలో చుట్టి, నంబరు వేసిన డబ్బాలో పెట్టి, టోకెనూ ఒక చుక్కలమందు సీసా ఇచ్చేది. తిరిగొచ్చాక టోకెన్ ఇస్తే డబ్బా ఇచ్చేది. “కళ్ళజోడు తీసి పెట్టడం లాంటిదేలే” అని కుర్ర డ్రైవర్లు సర్దుకున్నారు. ముసలి డ్రైవర్లు రెండు రోజులు గొణిగి, మూడో రోజు వరసలో నిలబడ్డారు.

ఆ వరసలో యల్లమంద కూడా ఉన్నాడు. ఇరవయ్యేడేళ్ళ నుంచి లారీ నడుపుతున్నవాడు, ఒక్క కోడిపిల్లని కూడా తొక్కించనివాడు. అతనికి ఇరవయ్యారో నంబరు టోకెన్ వచ్చింది. రెండూ ఆరూ కూడితే ఎనిమిది. ఎనిమిది శని సంఖ్య అని ఏ లారీ డ్రైవర్‌ని లేపి అడిగినా చెబుతాడు. యల్లమంద బతిమాలి ఇరవయ్యేడుకి మార్పించుకున్నాడు. అంతకుముందే పదిహేడువాడు, ముప్పయ్యైదువాడు అలాగే మార్పించుకున్నారు. సామ్రాజ్యం పాత స్టిక్కర్ల మీద కొత్త స్టిక్కర్లు అంటించీ అంటించీ అలిసిపోయింది. శని ఏం చేశాడో తెలియదు గానీ, డబ్బాలు మాత్రం తారుమారయ్యాయి.

యల్లమందకి సంగతి ఇంటికెళ్ళి నడుం వాల్చాక తెలిసింది. కళ్ళు మూయగానే ఎవరిదో జీడితోట కనిపించింది.

“ఇయ్యి నాయి కాదే” అన్నాడు భార్య ఆదెమ్మతో.

“ఎవరివైతే ఏంది, మూతలు పడతన్నాయి గదా. పడుకో.”

“తోటలో ఒకామె చేట పట్టుకుని నిలబడి ఉంది. నావంకే చూస్తంది. పరాయి ఆడమనిషి గదా, బాగుండదు.”

ఆదెమ్మ చేస్తున్న పని ఆపింది. “తెల్లారగానే పోయి మార్చుకురా” అంది.

ఆమె చెప్పకపోయినా అతను పోయేవాడే. అతని సొంత రెప్పల కింద బ్రహ్మయ్య ఉండేవాడు. బ్రహ్మయ్య, యల్లమంద పదకొండేళ్ళు ఒకే బండి మీద జంట డ్రైవర్లు. మూడేళ్ళ కిందట, యల్లమంద సెలవులో ఉన్న రోజున, దోర్నాల దాటాక ఘాట్‌రోడ్డు మలుపులో ముందు టైరు పేలి బ్రహ్మయ్య పోయాడు. దొరికినప్పుడు ఆయన కళ్ళు మూసుకుని ఉన్నాయి కాబట్టి, కంపెనీ ఫైల్లో ప్రమాదానికి కారణం నిద్ర అని రాశారు. యల్లమంద దగ్గర ఆయనది ఒక్క ఫోటో కూడా లేదు. యల్లమంద కళ్ళు మూసుకుంటేనే ఆ మనిషి, కండువా తలకి చుట్టుకుంటూ, తీరిగ్గా నడిచి వచ్చేవాడు. ఆ రెప్పలు పోతే బ్రహ్మయ్య రెండోసారి పోయినట్టే. యల్లమంద పరాయి రెప్పలు అప్పుడే తీసేసి గుడ్డలో చుట్టాడు.

“రిజిస్టర్లో సంతకం పెట్టి తీసుకున్నావు గదన్నా” అంది సామ్రాజ్యం మర్నాడు, ఆ గుడ్డమూట అందుకుంటూ.

“నంబరు మార్చమన్నది నేనేనమ్మా. తప్పు నాదే. నాయి నాకిచ్చెయ్.”

“అందరూ అట్టా మార్పించుకున్నోళ్ళే. ఎవరియ్యో తెలియనియ్యి పదకొండు జతలున్నాయి ఈడ. నీయి ఏవో రుజువు తెస్తే ఇస్తా.”

“పెట్టుకుని చూస్తే తెలిసిపోద్ది.”

“పరాయోళ్ళ రెప్పలు పెట్టుకోగూడదన్నా. ఏడో నిబంధన.”

రుజువు అంటే ఫోటో. యల్లమంద లైసెన్సు తెచ్చాడు, ఆధార్ తెచ్చాడు, రేషన్ కార్డు తెచ్చాడు. అన్నిట్లోనూ కళ్ళు తెరిచే ఉన్నాయి. ఏ ఆఫీసులో ఫోటో తీసినా కళ్ళు బాగా తెరవమంటారు మరి. పెళ్ళి ఆల్బం కూడా తెచ్చాడు. తలంబ్రాలప్పుడు కళ్ళు మూసుకున్న ఫోటో ఒకటి ఉండాలి గానీ, ఫోటోగ్రాఫర్ బాగా రాలేదని దాన్ని పారేశాడట. యాభై రెండేళ్ళు బతికిన మనిషి కళ్ళు మూసుకున్నట్టు ఎక్కడా ఆధారం లేదు. రెప్పలు లేనివాడు అప్పగించలేడు, అప్పగించనివాడికి బండి ఇవ్వరు. అలా బండి కూడా పోయింది.

చివరికి సేఫ్టీ మేనేజర్ వినీల్ కంప్యూటర్లో ఒక వీడియో ముక్క దొరికింది. తప్పు చేయనివాడి బొమ్మని కంపెనీ దాచదు, చేసినవాడిది మాత్రం పదేళ్ళు దాస్తుంది. అందులో మార్చి నెలలో, ఘాట్ మలుపు దగ్గర, యల్లమంద ఎనిమిది సెకన్లు కళ్ళు మూసుకుని ఉన్నాడు. ఆ దారిలో ఒక ఆనవాయితీ ఉంది. తోటి డ్రైవర్ పోయిన చోట బండి పక్కకి తీసి, హ్యాండ్‌బ్రేక్ వేసి, కళ్ళు మూసుకుని ఒకసారి తలుచుకుంటారు. ఇంజను మాత్రం ఆపరు, ఆపితే పోయినవాడు బండెక్కి కూర్చుంటాడంటారు. ఇంజను ఆగలేదు కాబట్టి బండి నడుస్తున్నట్టే లెక్క అని కెమెరా అనుకుంది.

“రెప్పలు మీవేనండీ, కనిపిస్తున్నాయి” అన్నాడు వినీల్. “నిద్రపోయానని ఒప్పుకుని సంతకం పెట్టండి, తీసుకెళ్ళండి.”

“నేను నిద్రపోలేదు సార్. బ్రహ్మయ్యని తలుచుకున్నా.”

వినీల్ కెమెరా పట్టే తప్పుల జాబితాని పైనుంచి కిందిదాకా చూశాడు. నిద్ర, ఫోను, పొగ, ఖైనీ, ముచ్చట్లు ఉన్నాయి. “తలుచుకోవడం లేదండీ ఇందులో. దగ్గరిది నిద్రే.”

“ఆయన ఫైల్లోనూ అదే రాశారు. ఆ మాట కింద నేను సంతకం పెట్టను.”

యల్లమంద బయటికొచ్చి, వినీల్ అద్దాల గదికి ఎదురుగా ఉన్న బల్ల మీద కూర్చున్నాడు. రోజూ పొద్దున ఎనిమిదింటికి వచ్చేవాడు, సాయంత్రం ఆరింటికి లేచేవాడు. నినాదాలు లేవు, అట్టముక్కలు లేవు. ఆదెమ్మ కట్టిచ్చిన సద్ది తినేవాడు, కళ్ళలో చుక్కలమందు వేసుకునేవాడు. ఎదురుగా వినీల్ ఉన్నాడు కాబట్టి వినీల్‌నే చూస్తుండేవాడు. కళ్ళు మూసే వీలు లేదు మరి.

మూడో రోజుకి వినీల్ సెల్‌ఫోను సొరుగులో పెట్టేశాడు. ఆరో రోజుకి ఆవులించడం మానేశాడు. పదో రోజున తల దురదపెడితే బాత్రూంలోకి వెళ్ళి గోక్కుని వచ్చాడు. ఈ మనిషిని అక్కణ్ణించి పంపించేయమని హెడ్డాఫీసుకి రాస్తే, ఉద్యోగి చూడటం ఏ నిబంధనకీ విరుద్ధం కాదనీ, పైగా వినీల్ పని ఈ నెలలో బాగా మెరుగుపడిందనీ జవాబు వచ్చింది.

పందొమ్మిదో రోజు వినీల్ తలుపు తీసుకుని వచ్చి బల్ల మీద అతని పక్కనే కూర్చున్నాడు. ఎదురుగా కూర్చునే ఓపిక అతనికి ఇక లేదు.

“అన్నా, ఏం రాయాలో నువ్వే చెప్పు” అన్నాడు.

“జ్ఞాపకం అని రాయి బాబూ.”

జాబితాలో ఆరో వరస చేరింది. జ్ఞాపకం. యల్లమంద దాని ఎదురుగా సంతకం పెట్టాడు, రెప్పలు తీసుకున్నాడు. సామ్రాజ్యం కళ్ళు తుడుచుకుంది. డ్రైవర్లంతా టీకొట్టు దగ్గర అతని వీపు తట్టారు. ఇన్నేళ్ళలో ఆ కంపెనీ డ్రైవర్ మాట విని కాగితం మార్చడం అదే మొదలు. ఆ గెలుపు చిన్నదని ఎవరైనా అంటే వాళ్ళకి లారీ సంగతి తెలియదన్నమాట.

కొత్త వరసతో పాటు విధివిధానాలూ వచ్చాయి. జ్ఞాపకం కోసం రెప్పల్ని సీలు వేసిన డబ్బాలో బండిలోనే తీసుకెళ్ళవచ్చు. పోయిన వ్యక్తి మరణ ధ్రువపత్రం ముందుగా జతపరచాలి. మలుపుకి ఒక జ్ఞాపకం, జ్ఞాపకానికి రెండు సెకన్లు.

మొదటి ట్రిప్పులో యల్లమంద మలుపు దగ్గర బండి పక్కకి తీసి, రెప్పలు పెట్టుకుని కళ్ళు మూశాడు. బ్రహ్మయ్య బతికున్నప్పుడు కూడా నిదానస్తుడే, గ్లాసు టీకి అరగంట పట్టేది. దూరంగా కండువా అంచు కనిపించేసరికి కెమెరా కూసింది. రెండో ట్రిప్పులో భుజాల దాకా వచ్చాడు, ముఖం రాలేదు. యల్లమంద దిగులుపడలేదు. ఇంత దూరం లాక్కొచ్చినవాడికి ఇదొక లెక్కా? “కాస్త తొందరగా రా బామ్మర్దీ, ఆళ్ళు ఒప్పుకుందే ఇంత” అని మలుపుకి ముందు నాలుగు కిలోమీటర్ల నుంచీ నచ్చజెప్పుకుంటూ వెళ్ళాడు.

మూడో ట్రిప్పులో కళ్ళు మూసేసరికే బ్రహ్మయ్య సిద్ధంగా నిలబడి ఉన్నాడు. కండువా లేదు. చొక్కా గుండీలు మెడ దాకా పెట్టుకున్నాడు. యల్లమంద వైపు కాకుండా, కెమెరా ఉన్న వైపు తిరిగి, కళ్ళు బాగా తెరిచి, తన పేరూ పోయిన తేదీ చెప్పి, ఇంకా అర సెకను ఉండగానే వెళ్ళిపోయాడు. కెమెరా కూయలేదు. యల్లమంద రెప్పలు తీసి డబ్బాలో పెట్టి, హ్యాండ్‌బ్రేక్ దించాడు. మొత్తానికి బ్రహ్మయ్య అలవాటు పడ్డాడని అతనికి నిమ్మళంగా అనిపించింది.