ఎనిమిదొందల యాభై వాట్ల భయం

"ఆ డబ్బా పేలితే పిల్ల ఏమైపోతుందండీ?"

డబ్బా ఇంకా కొనలేదు, కొట్లోనే ఉంది. "పేలాక చెబుతాలే," అన్నారు మా ఆయన దేవానందం, సాక్సులు వేసుకుంటూ. ఆయన నాకు పెట్టిన పేరు ఫైరింజను. పొగ రాకముందే గంట కొడతానట.

మా అమ్మాయి షైని ఆటలాడుకునే కంప్యూటర్ని తనే బిగించుకుంటోంది. విడి భాగాలన్నీ మంచం మీద పరిచింది. లోపలికి కరెంటు అందించే పవర్ సప్లై ఒక్కటే మిగిలింది. ఏడొందల యాభై వాట్లది కావాలంది.

మా మిక్సీ కూడా ఏడొందల యాభయ్యే. గారెలకు రుబ్బితే వీధి చివరిదాకా కాలిన వాసన.

"అంత కరెంటుతో నీ పెట్టె ఏం రుబ్బుతుందే?"

"రుబ్బదమ్మా. బొమ్మలు చూపిస్తుంది."

"బొమ్మలకి టీవీ ఉందిగా."

మా ఆయన సర్దిచెప్పబోయారు. "ఎన్ని వాట్లదైనా కావలసినంతే తీసుకుంటుందే. మా రెడ్డిగూడెం బస్సులో యాభై సీట్లున్నాయని రోజూ యాభైమందే ఎక్కుతారా?"

"ఎక్కరు. వందమంది ఎక్కుతారు. నేను చూళ్లేదా?"

ఆయన టికెట్ల మిషను తీసుకుని డ్యూటీకి వెళ్లిపోయారు.

సాయంత్రం కొట్టుకెళతానని షైని స్నానానికి వెళ్లగానే, కంప్యూటర్ల కొట్టు యోసేపుకి ఫోన్ చేశాను. మా చర్చి మనిషే, వరసకి అన్నయ్య.

"అన్నయ్యా, మా షైని పవర్ సప్లైకి వస్తుంది. ఏది అడిగితే అది లేదని చెప్పు."

"చర్చికెళ్లేవాణ్ణి, అబద్ధం ఆడమంటావేంటి చెల్లెమ్మా?"

"రేపు ఆదివారమేగా. వెళ్లినప్పుడు ఒప్పుకుందువుగాని."

కాసేపు నసిగాడు. "సరే, ఆ ఒక్క ముక్కే చెబుతాను."

నేను నిశ్చింతగా పప్పు పొయ్యి మీద పెట్టాను.

చీకటి పడేసరికి షైని ఒక పెట్టెను పొట్టకు హత్తుకుని వచ్చింది. దాని మీద ఎనిమిదొందల యాభై అని ఉంది. నేను తేరుకునేలోపు పిల్ల గదిలోకి పోయి బిగించడం మొదలుపెట్టింది.

మా ఆయన డ్యూటీ దిగి వచ్చారు. నేను పప్పు మెదుపుతుంటే గదిలో నీలం లైట్లు వెలిగాయి. గుమ్మంలోకి పరుగెత్తాను. షైని అటు తిరిగి కూర్చుని ఉంది.

"షైనీ."

పలకలేదు. ఇంకా గట్టిగా పిలిచాను. కదల్లేదు.

"ఏమండీ, పిల్లని కరెంటు పట్టేసింది."

"వేళ్లు కదులుతున్నాయే," అన్నారాయన, వెనక నుంచి తొంగిచూసి.

"కరెంటు పడితే కదలవా మరి?"

రబ్బరు చెప్పులేసుకుని, చేతిలోని పప్పుగుత్తితో పిల్ల భుజాన్ని ఒక్క పోటు పొడిచాను. చెక్కకి కరెంటు రాదు, ఆ మాత్రం నాకూ తెలుసు.

షైని ఉలిక్కిపడి, జుట్టు చాటు నుంచి ఇయర్‌ఫోన్లు తీసింది.

"బతికే ఉన్నావా? వద్దు మొర్రో అంటుంటే ఇంకో వంద ఎక్కువది తెస్తావా?"

అది భుజం మీది పప్పు తుడుచుకుంది. వాళ్ల నాన్న వైపు చూసింది, నా చెప్పుల వైపు చూసింది.

"నీ భయం చూడలేక ఐదొందల యాభైతో సరిపెట్టుకుందామని అదే అడిగానమ్మా. యోసేపు మామయ్య ఇది చేతిలో పెట్టి, అది లేదన్నాడు."