కొంగలపాడు ఉల్లాసవనం

కొంగలపాడు పంచాయతీ బోర్డు ప్రెసిడెంటు భీమశంకరం పంతులు గారు ప్రజలకు ఉల్లాసం శాంక్షన్ చేశారు.

సంగతి టముకు వేసి ఊరంతా చాటించారు. "ఇందుమూలంగా యావన్మందికీ తెలియజేయడమేమనగా, ఇకమీదట మీరందరూ ఉల్లాసంగా ఉండవలెను. అందుకు తగిన స్థలం బోర్డువారు చూపించెదరహో!"

నేను ఏలూరులో ఒక వారపత్రికకి విలేఖరిని. కొల్లేటి ఒడ్డున ఉన్న ఆ ఊళ్ళో వరద, కలరా తప్ప రాయదగ్గ వార్త పుట్టగా నేనెరగను. ఉల్లాసం పుట్టిందనగానే జట్కా కట్టించుకుని వెళ్ళాను.

పంతులుగారు వాలుకుర్చీలో ఉన్నారు. నన్ను చూడగానే మొదలుపెట్టారు.

"మొన్న మద్రాసు వెళ్ళానండీ. సాయంకాలమయ్యేసరికి అక్కడ పెద్దపెద్దవాళ్ళంతా పార్కులో నడుస్తారు. ఎక్కడికీ వెళ్ళరు. ఊరికే నడుస్తారు. చూసేసరికి నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి. మన జనానికి ఆ భాగ్యం ఏదండీ?"

"మన జనం నడుస్తూనే ఉంటారు కదండీ?"

"నడుస్తారు. పనిమీద నడుస్తారు. పబ్లిక్ హెల్త్ ప్రకారం అది నడక కింద జమకాదు."

ఎంత లోతైన మాట! వెంటనే రాసుకున్నాను. పంతులుగారు ఎదురుగా ఉన్న బోర్డు ఆఫీసుకి కూడా సవారీబండిలోనే వెళతారు. నడక విలువ తెలిసిన మనిషి దాన్ని దుబారా చెయ్యడు.

"శీతాకాలంలో కొత్త కలెక్టరు దొరగారు బాతుల వేటకి ఇటు వస్తున్నారు. పార్కు ఓపెనింగు వారి చేతులమీదుగానే. ఆ తరవాత..." అని ఆగి, గుమ్మం పక్కనున్న నేంబోర్డు వంక చూశారు. అందులో ఆయన పేరుకి ముందు, రావుసాహెబు అనే బిరుదు సరిగ్గా పట్టేంత చోటు, పెయింటరుచేత ఖాళీగా వదిలించి ఉంది.

ఇక స్థలం. కొల్లేటికీ ఊరికీ మధ్య ఒక మెరక ఉంది. చేపలుపట్టే పల్లెవాళ్ళు వలలు ఆరేసుకునేది అక్కడే, దోనెలు కట్టుకునే రేవుకి దారీ అదే. సాయంకాలాలు కుర్రకారు చెడుగుడు ఆడేది, ముసలివాళ్ళు చుట్టలు కాల్చుకుంటూ తగువులాడుకునేది కూడా అక్కడే. ఊళ్ళో జనం ఉల్లాసంగా ఉండే చోటు అదొక్కటే కావడంచేత, ఉల్లాసవనానికి అదే అనువైనదని బోర్డు తీర్మానించి, అక్కడున్నవాళ్ళందరినీ ఖాళీ చేయించింది.

పెద్దింటయ్య అని ఒక వలకాడు తలగుడ్డ చేతిలో పట్టుకుని ఆఫీసుకి వచ్చాడు.

"పంతులుగారండీ, వలలెక్కడ ఆరేసుకోమంటారండీ?"

"వలలు కాదురా, నీ సంగతి చూసుకో. ఒళ్ళు హూనం చేసుకుంటున్నావు. నీకు రిక్రియేషన్ కావాలి."

"అదెక్కడ దొరుకుద్దండీ?"

"నీ మెరకమీదే పెడుతున్నాం."

"అయితే నేను ఎల్లొచ్చాండీ అక్కడికి?"

"వలలేకుండా రా. సాయంకాలం అయిదు తరవాత."

"అయిదు తరవాత ఏటకెల్తానండీ."

పంతులుగారు నావైపు తిరిగి జాలిగా నవ్వారు. "చూశారా? అజ్ఞానం."

ఎండాకాలం వెళ్ళేలోపల వనం లేచింది. చుట్టూ ముళ్ళతీగె కంచె. నడుమ బ్యాండు మంటపం. బెంచీలు, క్రోటన్ మొక్కలు. లోపల గుండ్రంగా ఒక ఎర్రకంకర బాట, పేరు 'వాకింగ్ పాత్'. రిక్రియేషన్ సూపర్‌వైజరుగా కృపావరం మాస్టారిని వేశారు. మిషన్ స్కూల్లో డ్రిల్లు చెప్పి రిటైరైన మనిషి. మంచివాడు. మెడలో ఈల, చేతిలో రూల్సు. పరిగెత్తరాదు. అరవరాదు. చెడుగుడు ఆడరాదు. తట్ట, బుట్ట, వల తేరాదు. గట్టిగా నవ్వదలచినవారు కంచె బయట నవ్వి లోపలికి రావలెను.

పెద్దింటయ్య భార్య పాపాయమ్మ రోజూ చేపలగంపతో ఏలూరు వెళ్ళి అమ్ముకుని వస్తుంది. ఒకరోజు తిరిగొస్తూ ఉంటే కృపావరం మాస్టారు ఆపి, ఆమె గంప కంచె బయట పెట్టించి, బాట మొదట్లో నిలబెట్టారు.

"నడు తల్లీ. ఆరోగ్యం."

"ఈ బాట ఎక్కడికి పోద్దండీ?"

"ఎక్కడికీ పోదమ్మా. గుండ్రంగా తిరిగి మళ్ళీ ఇక్కడికే వస్తుంది."

"నేనిక్కడే ఉన్నాను కదండీ."

మాస్టారు ఈల ఊదారు. ఈల ఊదాక వాదన ఉండదని రూలు. పాపాయమ్మ నడవలేదు. ఏలూరునుంచి వచ్చిన కాళ్ళతో బెంచీమీద కూలబడి, అక్కడే నిద్రపోయింది. నిద్ర రిక్రియేషన్ కింద వస్తుందో రాదో తేల్చడానికి బోర్డు ఒక సబ్‌కమిటీని వేసింది.

జనానికి మాటలతో అర్థంకావడం లేదని పంతులుగారే స్వయంగా నడిచి చూపించారు. ఊరంతా కంచెకి ఆనుకుని చూసింది. అడుగు వెనక అడుగు, చేతికర్ర తిప్పుకుంటూ, మొదటి బెంచీ దాకా మహా ఠీవిగా నడిచారు. అక్కడ కూచుని, బెంచీ గట్టిదనం పరీక్షిస్తూ చీకటిపడేదాకా ఉండిపోయారు. సవారీబండి కంచె విప్పి లోపలికి తేవలసివచ్చింది.

పెద్దింటయ్య మాత్రం మారలేదు. తడివల ముద్దగా ఉంటే కుళ్ళిపోతుందని, ఆ కంచెమీదే పరిచాడు. మాస్టారు ఈల ఊదారు. వలలు స్వాధీనం చేసుకుని, దాచడానికి వేరే చోటు లేక, ఊరిమీద పడ్డ పశువుల్ని కట్టేసే బందెలదొడ్లో పెట్టారు. బందెలదొడ్లో పెట్టిన ప్రతిదానికీ మేత వెయ్యాలని చట్టం. దొడ్డి కాపలాదారు చట్టం తెలిసినవాడు. పొద్దున్నా సాయంత్రం వలలకి గడ్డి వేసి, మేత ఖర్చు పెద్దింటయ్య పేర రాశాడు.

"వలలు గడ్డి తింటన్నాయాండీ?" అని అడిగాడు పెద్దింటయ్య.

"ముట్టడం లేదు. బెంగ పెట్టుకున్నట్టున్నాయి," అన్నాడు కాపలాదారు.

ఇది నవ్వులాటగా ఉండవచ్చు గాని, వల లేని పల్లెవాడి ఇంట్లో పొయ్యి రాజదు. పెద్దింటయ్య ఇతరుల దోనెల్లో కూలికి వెళ్ళాడు. పాపాయమ్మ ఖాళీ గంపతో కూచుంది. నేను ఈ విషయం పత్రికకి రాస్తే, ఎడిటరుగారు 'కొంగలపాడులో క్రమశిక్షణ' అని హెడ్డింగు పెట్టి అచ్చువేశారు.

ఆశ్వీజం వెళుతూండగా గాలివాన వచ్చింది. కొల్లేటికి వరద రావడం కొత్తకాదు, ఊళ్ళో అందరికీ తెలిసిందే, పంతులుగారికీ తెలిసిందే. అయితే వాన అనేది ఎజెండాలో లేదు. బుడమేరూ తమ్మిలేరూ పోటీలుపడి తెచ్చిపోసిన నీళ్ళలో బెంచీలు మునిగాయి, క్రోటన్లు మునిగాయి, వాకింగ్ పాత్ మునిగింది. బ్యాండు మంటపం కప్పు ఒక్కటే నీళ్ళపైన మిగిలింది. దానిమీద కృపావరం మాస్టారు ఈలతో డ్యూటీలో ఉన్నారు. పైనుంచి ఆర్డరు లేకుండా దిగరు.

బందెలదొడ్డి కూడా మునగడంతో వలలు తేలి వాటంతటవే ఇంటికి వచ్చేశాయి. పెద్దింటయ్య దోనె వేసుకుని వనంలోకే వెళ్ళి వల విసిరాడు. ఏ బెంచీ కింద చూసినా కొరమీనే! ఊరు ఊరంతా దోనెల్లో దిగింది. కేకలు, నవ్వులు, పందేలు. ఉల్లాసవనంలో ఉల్లాసం కనిపించడం అదే మొదలు. మాస్టారు కప్పుమీంచి ఊది ఊది, చివరికి పెద్దింటయ్య అందించిన చేపలపులుసు ముంత పుచ్చుకుని ఈల పక్కన పెట్టారు.

సరిగ్గా అప్పుడు కలెక్టరు దొరగారు వచ్చారు.

మద్రాసు సెక్రెటేరియట్‌నుంచి కొత్తగా దిగిన దొర. పంతులుగారు దోనెలో నిలబడి పూలదండ వేశారు.

"పార్కు ఎక్కడ?" అని అడిగారు దొర.

పంతులుగారు చుట్టూ చెయ్యి తిప్పారు. "ఇదంతానండి."

దొర చూశారు. నిలవనీళ్ళు అద్దంలా ఉన్నాయి. కలువలు తేలుతున్నాయి. నడుమ కూచోడానికి కప్పు, చుట్టూ బారులుబారులుగా బాతులు.

"ఆ పెద్ద సరస్సు దేవుడు తవ్వాడు. ఈ చిన్నది మీరు తవ్వించారా?"

కాదనడానికి పంతులుగారు నోరు తెరిచారు. దొర మాటని కాదనడం అలవాటు లేని నోరు కావడంచేత, "తమ దయవల్లనండి," అని వచ్చింది.

"స్ప్లెండిడ్!" అన్నారు దొర. మంటపం కప్పుమీద కూచుని మధ్యాహ్నందాకా బాతుల్ని కొట్టారు. వెళుతూ వెళుతూ అందరిముందూ పంతులుగారి భుజం తట్టారు. "ఈ ప్రెసిడెన్సీలో ఇంత మంచి సరస్సు కట్టిన బోర్డు లేదు. గవర్నమెంటుకి రాస్తాను. ఎండాకాలంలో మా డిప్యూటీ కలెక్టరు వచ్చి చూస్తాడు. దీన్ని ఎప్పుడూ ఇలాగే ఉంచండి."

పంతులుగారు ఇంటికి వెళ్ళి నేంబోర్డుమీద ఆ ఖాళీచోటు శుభ్రంగా తుడిపించారు.

చక్రవర్తిగారి పుట్టినరోజు బిరుదుల్లో ఆయన పేరు ఉంటుందని ఏలూరులో చెప్పుకున్నారు. చైత్రం వచ్చింది. నీళ్ళు, ఎప్పటిలాగే, వెనక్కి పోయాయి. బురద ఆరింది, పచ్చగడ్డి మొలిచింది, బెంచీలు బయటపడ్డాయి. కంచె వరదలో కొట్టుకుపోవడంచేత జనం ధారాళంగా వచ్చి కూచోసాగారు. పాపాయమ్మ బెంచీమీద కూచుని వక్క నమిలింది. కుర్రాళ్ళు చెడుగుడు మొదలెట్టారు. మద్రాసులో పంతులుగారు చూసి కంటతడి పెట్టిన పార్కు, అచ్చం అలాగే, కళ్ళెదుట వెలిసింది.

"వీళ్ళని తోలండి! నా సరస్సు పాడుచేస్తున్నారు!" అని కేకలు వేశారు పంతులుగారు.

ముందు గూడబుట్టలు కట్టి కొల్లేటి నీళ్ళు తోడి పోయించారు. ఎంత పోసినా నేల తాగేసింది. అప్పుడు బోర్డు అర్జంటు మీటింగు జరిగింది. సరస్సు నిండుగా ఉన్నదని ఏకగ్రీవంగా తీర్మానించారు. మీటింగుకి సభ్యులంతా ఆ సరస్సులోంచే నడిచి వచ్చారు, ఒక్కరి పంచె కూడా తడవలేదు.

తీర్మానం అయ్యాక మాస్టారు డ్యూటీ ఎక్కారు. గంప నెత్తిన పెట్టుకుని అడ్డంగా నడిచిపోతున్న పాపాయమ్మని చూసి ఈల ఊదారు.

"ఆగు తల్లీ! మునిగిపోతావు!"

"ఎక్కడండీ?"

"నువ్వు నిలబడ్డచోటే!"

పాపాయమ్మ కిందికి చూసింది, మాస్టారి వైపు చూసింది. ఆయన ముఖంలో నిజమైన భయమే కనిపించింది. పాపం, ఈ ఉద్యోగం పోతే ఆయన బతుకేంగాను? ఆమె చీరె కుచ్చెళ్ళు ఎత్తిపట్టుకుని మెల్లగా ఒడ్డుకి చేరింది.

డిప్యూటీ కలెక్టరు గారు వస్తున్నారని కబురు వచ్చిన రోజున నేనూ వెళ్ళాను. అలాంటి దృశ్యం విలేఖరి జన్మలో ఒక్కసారే చూస్తాడు. గడ్డిమీద దోనె. దోనెలో గొడుగు కింద పంతులుగారు, చేతిలో తెడ్డు. ముందు తాడు కట్టి నలుగురు లాగుతున్నారు. ఈదుతున్నట్టు చేతులు ఆడించమని వాళ్ళకి ఉత్తర్వు. ఒకడు మరీ నమ్మకస్తుడు, మధ్యమధ్య పుక్కిలించి ఉమ్ముతున్నాడు.

అవతల పెద్దింటయ్య మెరక పొడవునా వలలు పరిచి ఆరబెట్టుకుంటున్నాడు. మాస్టారు పరుగెత్తారు. "ఒరేయ్, తీసెయ్యరా! నీళ్ళలో వలలు ఆరేస్తార్రా ఎవరైనా?"

"ఆరేయడం లేదండీ," అన్నాడు పెద్దింటయ్య తాపీగా. "ఏటాడతన్నాను."

అప్పటికే కారు గట్టుమీద ఆగింది. డిప్యూటీ కలెక్టరు గారు దిగారు. బక్కపలచని మనిషి, బంగారు ఫ్రేము కళ్ళజోడు. గడ్డిని చూశారు. దోనెని చూశారు. తాడు పట్టుకున్న నలుగురినీ చూశారు. ఆయన కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుని చూశారు.

"కలెక్టరుగారు చెప్పిన సరస్సు ఇదేనా?"

"చిత్తమండి," అన్నారు పంతులుగారు.

"లోతు ఎంత?"

"గట్టు దగ్గర మోకాళ్ళదాకా వస్తుందండి," అన్నారు మాస్టారు.

ఆఫీసరుగారు బూట్లు విప్పి బంట్రోతుకి ఇచ్చారు. పంట్లాం మోకాళ్ళ పైదాకా మడిచారు. బంట్రోతు బూట్లు తలమీద పెట్టుకున్నాడు. ఇద్దరూ గట్టు దిగి, ఆచితూచి అడుగువేస్తూ, దోనె వైపు రాసాగారు.

"ఆ వలలేమిటి?"

"సేపలు పడతన్నానండీ," అన్నాడు పెద్దింటయ్య. "ఇటేపు రాకండి బాబూ, ఊబి ఉంది."

ఆఫీసరుగారు చప్పున వెనక్కి తగ్గారు. "ఇతన్ని కదపకండి. వేటకి ఇబ్బంది కలగకూడదు," అని హుకుం ఇచ్చారు. మాస్టారు తల ఊపి, జారిపోతున్న ఒక వల చివర తానే సర్ది ఎండకి పరిచారు.

పంతులుగారు తెడ్డు అందించి ఆఫీసరుగారిని దోనెలోకి ఎక్కించుకున్నారు. నలుగురూ చేతులు ఆడించారు. దోనె కదిలింది, కంకరమీద కరకరమంది. ఆఫీసరుగారు గొడుగు నీడలో వెనక్కి వాలి, అంచుమీంచి ఒక చెయ్యి బయటికి వేలాడేసి, గడ్డిమీదుగా కాసేపు అలా అలా ఆడించారు.

తరవాత చెయ్యి తీసి, జేబురుమాలుతో వేళ్ళు ఒక్కొక్కటే తడిలేకుండా తుడుచుకున్నారు.