పేలిన పరిశోధన

ఆ రోజు ఉదయభాస్కర్ మాస్టారు వేసుకున్న పథకం చాలా చిన్నది. మద్రాసు నుంచి ఓ ఫౌండేషన్ తరఫున ప్రసన్నకుమార్‌గారు వస్తారు, తడి ధాన్యం ఆరబెట్టే యంత్రాన్ని చూస్తారు, పరిశోధనకు గ్రాంటు ఇస్తారు. ఇవ్వకపోతే వర్క్‌షాపు ఖాళీ చేయించి కంప్యూటర్లు పెట్టిస్తానని ప్రిన్సిపాల్ చంద్రరావుగారు ముందే చెప్పేశారు. మండపేట దగ్గరి ఆ ఇంజనీరింగ్ కాలేజీలో మాస్టారికి ఏళ్ళ తరబడి ఆ యంత్రంతోనే కాపురం.

తీరా ధాన్యం పోసి స్విచ్ వేస్తే వోల్టేజీ లేదు. కాయిల్స్ గోరువెచ్చగానైనా కాలేదు. మాస్టారు వేడి పెంచే నాబ్‌ను కాస్త తిప్పి, అతిథికి ఎదురెళ్ళారు. తోటి లెక్చరర్ సాయిదుర్గ వచ్చి చెయ్యి పెట్టి చూసి, "అయ్యో, సార్ మర్చిపోయినట్టున్నారు" అనుకుని ఇంకాస్త తిప్పింది. తరవాత చంద్రరావుగారు వచ్చారు. ఆయనది సివిల్. అయినా ఊరుకోలేక నాబ్‌ను చివరిదాకా తిప్పేసి, కరెంటాఫీసుకు ఫోన్ కూడా చేశారు.

"ఒక్క గంట ఫుల్ వోల్టేజీ ఇప్పించండి బాబూ, మీకు పుణ్యముంటుంది."

ఎన్నడూ లేనిది, ఆ రోజు వాళ్ళు మాట నిలబెట్టుకున్నారు.

ప్రసన్నకుమార్‌గారు యంత్రం ముందుకు వంగి, "తేమ ఎంతవరకు తీస్తుందండీ?" అని అడుగుతుండగా లోపల టప్‌మంది. వెంటనే సీమటపాకాయల సరం అంటుకున్నట్టు టపటపా మోత. గొట్టంలోంచి తెల్లటి పేలాలు ఎగిరొచ్చి అతిథిగారి బట్టతల మీద రాలాయి. మాస్టారు గబగబా వెళ్ళి స్విచ్ కట్టేయబోతుంటే ప్రిన్సిపాల్ చెయ్యి పట్టుకున్నారు.

"ఇదేనండి మా అసలు పరిశోధన! ఆరబెట్టడమన్నది పైకి చెప్పే మాటండి."

"కాదండి! పొరపాటున వేడెక్కిపోయిందండి," అన్నారు మాస్టారు ఏడుపు గొంతుతో.

అతిథి భుజం మీది పేలాలు రెండు నోట్లో వేసుకుని నమిలారు. మళ్ళీ గుప్పెడు తీసుకున్నారు.

"ఎంత వినయమండీ ఈయనకి! ఆరబెట్టే యంత్రాలు ఊరూరా చూశాను. అన్నీ ఆరబెట్టేవే. పంటికింద ఇసక తగలని పేలాలు మాత్రం ఇప్పుడే తింటున్నా."

వాసనకి హాస్టలంతా కదిలొచ్చింది. మెస్ వంటామె అచ్చాయమ్మ గరిటెతో సహా వచ్చి, "బెల్లం పాకం పట్టి ఉండలు చుట్టెయ్యమంటారా అండీ?" అంది. చుట్టమన్నారు. అతిథి తిన్నన్ని తిని, డబ్బా నిండా పట్టుకెళ్ళారు.

గ్రాంటు వచ్చింది, పేలాల పరిశోధనకు. వర్క్‌షాపు నిలిచింది. మాస్టారు ఈసారి అంతా పద్ధతిగా చేశారు. స్టెబిలైజర్ పెట్టారు, కొత్త కాయిల్స్ బిగించారు, వేడి అంతటా సమానంగా తగిలేలా ఫ్యాన్ అమర్చారు. అందరూ చుట్టూ మూగి చూశారు. ఒక్క గింజ పేలితే ఒట్టు! గింజగింజా విరగకుండా, మర పట్టించడానికి సిద్ధంగా ఆరి బయటికొచ్చింది. మాస్టారు ఓ గింజ కొరికి చూసి, ఎవరూ గమనించకుండా మురిసిపోయారు.

ఈ లోపాన్ని సవరించడానికి రెండో విడత నిధులు కావాలని చంద్రరావుగారు ఫౌండేషన్‌కు రాశారు.