నలభై చీకటి ఫోటోలు

ఆదివారం పొద్దున్నే ఫ్రిజ్‌లోంచి కూరగాయలు బయటికొచ్చాయి, కెమెరా లోపలికెళ్ళింది. ఈ మార్పును మొదట కనిపెట్టింది ఇల్లాలు.

"నా పాలగిన్నె కిటికీలో ఎందుకుంది?"

"లోపల చోటు చాల్లేదు," అన్నాడు ఫ్రిజ్ ముందు కుర్చీ వేసుక్కూర్చున్న భర్త. అతను లైబ్రేరియన్. కదలకుండా కూర్చోవడం వృత్తిలో భాగం.

"కెమెరాకి చాలిందా?"

లైబ్రేరియన్‌కి ఒళ్ళు మండింది. నాలుగు రాత్రులు డాబా మీద వణుకుతూ ఒక నక్షత్రాల గుంపును ఫోటో తీశాడు. రేపు పొద్దున అది లైబ్రరీ గోడకెక్కాలి. తీరా చూస్తే ఫోటో నిండా ఆకాశంలో లేని ఎర్రచుక్కలు, నీలిచుక్కలు. అవి కెమెరా సొంత కవిత్వం.

"వాటిని వదిలించాలంటే మూతపెట్టి, అదే చలిలో చీకటిని ఫోటో తియ్యాలి. మూడేసి నిమిషాలవి నలభై, వరసగా కెమెరా తనే తీసుకుంటుంది. అందులో పడే చుక్కలన్నీ కెమెరా తప్పులే. అసలు ఫోటోలోంచి వాటిని తీసేస్తే ఆకాశం మిగుల్తుంది. పట్టపగలు అంత చలి ఇంకెక్కడుంది?"

ఇంతవరకూ నిజమే. అబద్ధం ఆ తర్వాత మొదలైంది.

"కాబట్టి రెండు గంటలు నేను కదలకూడదు. అటక పని నావల్ల కాదు."

సాయంత్రానికి ఆమె అక్క వస్తోంది. అక్క పడుకోవలసిన గదిలో అటక దులుపుతానని అతను మూడు ఆదివారాలుగా మాటిస్తున్నాడు.

"కదిలితే ఏమవుతుంది?"

"అమ్మ పది నిమిషాలకోసారి చల్లనీళ్ళకని తలుపు తీస్తుంది! దీపం వెలుగుతుంది, చలి పోతుంది. ప్రాణం పోతున్నా ఎవరూ తలుపు తియ్యకూడదు. నీకివన్నీ అర్థం కావులే."

ఆ చివరి మాట అనకుండా ఉండాల్సింది. ఆమె పద్దెనిమిదేళ్ళుగా రక్తపరీక్షల ల్యాబులో పనిచేస్తోంది.

"నాకా అర్థం కానిది? రోజూ పొద్దున్నే రక్తం లేకుండా ఉత్త నీళ్ళు పెట్టి మిషన్ నడుపుతాం. అప్పుడొచ్చే అంకె మిషన్ తప్పు. రోజంతా దాన్ని తీసేసి చూస్తాం. అది నడుస్తున్నంతసేపూ కుర్చీలో కూర్చుంటామనుకున్నారా? బల్లలు తుడుస్తాం!"

"మరి కాపలా?"

"అత్తయ్యా! ఇలా రండి. మీ అబ్బాయి కష్టమంతా ఈ ఫ్రిజ్‌లో ఉంది. ప్రాణం పోతున్నా ఎవరూ తలుపు తియ్యకూడదట."

"నేనుండగా ఎవరు తీస్తారే?" అంటూ తల్లి కొడుకుని లేపి కుర్చీలో కూర్చుంది. నీళ్ళకని తెచ్చుకున్న ఖాళీ గ్లాసు ఒళ్ళో పెట్టుకుంది.

ఇంత అన్యాయం ఎక్కడైనా ఉందా అని నిచ్చెన మెట్టు మెట్టుకీ అడుగుతూ అతను అటకెక్కాడు. జవాబుగా పదకొండేళ్ళ పాత పత్రికల కట్ట, రెక్క విరిగిన ఫ్యాను, వాటి మీది దుమ్మంతా నెత్తిన పడ్డాయి.

గంటన్నర దాటాక, కనుబొమలు నెరిసిన మనిషొకడు వంటింట్లోకి వచ్చి ఫ్రిజ్ పిడి పట్టుకున్నాడు. చేతిమీద ఛెళ్ళున దెబ్బ పడింది.

"ఒక్క గ్లాసు చల్లనీళ్ళమ్మా! దాహంతో చచ్చిపోతున్నాను!"

"ఇంకా ఇరవయ్యొక్క నిమిషాలుంది," అంది తల్లి గోడగడియారం చూసి. "ప్రాణం పోతున్నా తియ్యకూడదన్నావుగా?"

"కుళాయి నీళ్ళు తాగి రండి," గదిలోంచి భార్య గొంతు వినిపించింది. "ఇంకా ఆ మూల మిగిలింది."

ఫ్రిజ్ లోపల టక్కుమని చిన్న చప్పుడైంది. ముప్పై నాలుగో చీకటి మొదలైంది.

"విన్నావా?" అంది తల్లి. "దాని పని అది చేసుకుంటోంది. నువ్వూ వెళ్ళు నాయనా."