రెండు పడవలు, తొమ్మిది తోకలు

అదొక పెద్ద అడవి. పైకొస కొండల్లో ఉండేది, కిందికొస సముద్రపు ఒడ్డుదాకా పోయేది. అంత అడవినీ ఏలడానికి ఒక వనమండలి, అందులో తొమ్మిదిమంది సభ్యులు, వాళ్లందరి మీదా ఒక అధ్యక్షుడు. ఆ అధ్యక్షుడు ఎలుగుబంటి గండయ్య.

గండయ్యకి తేనె ఇష్టం, పొద్దుటి నిద్ర ఇష్టం, అన్నిటికన్నా అధ్యక్షుడి బండ ఇష్టం. బండ అంటే మామూలు రాయే. కూర్చుంటే నడుం నొప్పి కూడాను. కానీ దాని మీద కూర్చున్నవాడికి వచ్చేపోయేవాళ్లంతా దండం పెడతారు. రోజుకి నాలుగు దండాలైనా పడకపోతే గండయ్యకి తిన్నది ఒంటపట్టేది కాదు.

అలాంటి బండ కిందకి నీళ్లొచ్చాయి. అడవిపంది కోరన్న తన వైపు సభ్యులచేత అవిశ్వాస తీర్మానం పెట్టించాడు. గండయ్య వైపు ఐదుగురు, కోరన్న వైపు నలుగురు. అధ్యక్షుడికి ఓటు లేదు. ఒక్కరు అటు జారితే బండ పోయినట్టే.

ఓటింగు ఆదివారం పొద్దుగూకాక, సముద్రపు ఒడ్డున. పొద్దుగూకాకే ఎందుకంటే ఎన్నికల అధికారి గుడ్లగూబ. పగలు ఆయనకి కళ్లు కనపడవు.

"క్యాంపు పెట్టాల్సిందేనండి," అన్నాడు నక్క గుర్నాథం. గుర్నాథం సభ్యుడు కాడు, అధికారీ కాడు. అధ్యక్షుడి పక్కన నించోవడమే అతని ఉద్యోగం. ఆ ఉద్యోగంలో అతను ఎందరో అధ్యక్షుల్ని చూశాడు.

"పోయినసారి గుహలో పెట్టాంగా," అని గండయ్య మూలిగాడు. "కోరన్న వెనకనుంచి కన్నం తవ్వి ఇద్దర్ని లాక్కుపోయాడు."

"అందుకే ఈసారి తవ్వడానికి నేలే లేని చోట పెడదాం. సముద్రం మీద! గూడబాతు నూకరాజు దగ్గర తెల్లటి షికారు పడవుంది. యాట్ అంటారు. పొద్దున్నే ఎక్కిస్తాడు, పగడాల దిబ్బలు చూపిస్తాడు, భోజనం పెడతాడు, సాయంత్రం తిన్నగా ఓటింగు చోట దింపుతాడు. చుట్టూ నీళ్లండీ. ఎవడు ఎక్కడికి పోతాడు?"

గండయ్య మొహం చాటంతయింది. "నీ బుర్రే బుర్ర గుర్నాథం!"

ఆదివారం తెల్లవారకముందే ఐదుగురు సభ్యులూ పడవెక్కారు. కోతి ఎక్కీ ఎక్కగానే పైన నీడలో ఉన్న మంచి కుర్చీ పట్టేసింది. దుప్పి తన కొమ్ములకి తగిన తలుపు లేదని అలిగింది. ఉడుత కంగారుగా అటూ ఇటూ తిరిగింది. ముళ్లపంది ఎర్రయ్యకి పడవ కదలకముందే కడుపులో తిప్పింది. అందరికన్నా చివర, కొంగు... అదే, చెవులు సర్దుకుంటూ కుందేలు బుల్లెమ్మ వచ్చింది.

బుల్లెమ్మ సంగతి చెప్పాలి. గండయ్య మీద ఇప్పటిదాకా ఎన్ని అవిశ్వాసాలు వచ్చాయో అన్నిట్లోనూ ఆవిడ గండయ్య వైపే నిలబడింది. పిలిస్తే వచ్చింది, పిలవకపోయినా వచ్చింది. ఇదిగో అదిగో అని ఏనాడూ ఏమీ అడగలేదు. అందుకని గండయ్యకి ఆవిడ ఉందన్న సంగతే గుర్తుండేది కాదు.

గుర్నాథం ముందుగా ఐదుగురి చిలకల్నీ పట్టి గంపలో వేసి మూత బిగించాడు. ఆ అడవిలో కబుర్లు మోసేవి చిలకలే. క్యాంపులో ఉన్నవాళ్లకి బయటి కబురు తగలకూడదని నియమం.

పడవ సాగింది. ఉప్పుగాలి మొహాన కొట్టింది. డాల్ఫిన్లు పక్కనే గెంతుతూ వచ్చాయి. ఎర్రయ్య రెయిలింగు పట్టుకుని, తిన్నదంతా సముద్రానికి అప్పజెప్పాడు. మిగతావాళ్లు అతని ముళ్లకి దూరంగా నిలబడి, "అయ్యో పాపం" అన్నారు.

ఎండెక్కేసరికి నూకరాజు లంగరు వేశాడు. అక్కడ నీళ్లు నీలం కాదు, ఆకుపచ్చ కాదు, రెండూ కలిసిన రంగు. అడుగున పగడాల దిబ్బలు పైనుంచే కనపడుతున్నాయి. పడవలో పనిచేసే నీటికుక్క అప్పలకొండ మాస్కులూ, గొట్టాలూ, నల్లటి తొడుగులూ తెచ్చి కుప్ప పోసింది.

"మొకం ముంచితే సాలు బాబూ. ఈత కూడా అక్కర్నేదు. గొట్టంలోంచి గాలి పీల్సుకోడం, కిందకి సూడ్డం. అంతే."

"ఎవరూ నీళ్లలోకి దిగేది లేదు," అన్నాడు గండయ్య. "డెక్కు మీద కూర్చుని తినండి."

కోతి లేచి నిలబడింది. "స్నార్కెలింగ్ అని తీసుకొచ్చి కూర్చోబెడతారా? మాకంటూ ఒక విలువ లేదా అధ్యక్షా?"

ఓటింగు రోజున సభ్యుడి నోట 'విలువ' అన్న మాట వస్తే ఏ అధ్యక్షుడికైనా గుండె జారుతుంది. గండయ్య గుర్నాథం వైపు చూశాడు.

"దిగనివ్వండి," అని చెవిలో ఊదాడు గుర్నాథం. "నోట్లో గొట్టం ఉన్నంతసేపూ ఎవడూ ఎవడితోనూ మాట్లాడలేడు. ఇంతకంటే మంచి క్యాంపు ఉంటుందా?"

నిజమేననిపించింది గండయ్యకి. నోరు మూసుకున్న సభ్యుల్ని అతను అంతవరకూ చూసి ఎరగడు. ఆ ముచ్చట చూద్దామని తనూ ఒక తొడుగు తొడుక్కుని దబ్బున దూకాడు.

మొహం ముంచాడు. ఒక్కసారిగా చప్పుళ్లన్నీ ఆగిపోయాయి.

కింద ఎర్రవి, ఊదావి, పసుపువి, కొమ్మల్లాంటివి, విసనకర్రల్లాంటివి, పూతరేకుల్లా పొరలు పొరలుగా ఉన్నవి పగడాలు. వాటి మధ్య చారల చేపలు గుంపులుగా వెళ్తున్నాయి. ఒక పెద్ద చేప నోరు తెరుచుకుని నిలబడితే, వేలెడంత చేప లోపలికి వెళ్లి పళ్ల సందులు శుభ్రం చేసి క్షేమంగా బయటికొచ్చింది. గండయ్య జన్మలో మొదటిసారి బండ సంగతి మర్చిపోయాడు. ఇంత హాయి ఉంటుందని ఎవరూ తనకి చెప్పలేదేమని బాధ కూడా పడ్డాడు.

తల పైకెత్తి, గొట్టం తీసి, "అప్పలకొండా! ఇంత పెద్ద దిబ్బ ఎవరు కట్టించారు? దీనికి అధ్యక్షుడెవరు?" అని అడిగాడు.

"ఎవులూ నేరు బాబూ. ఆ పురుగులే కట్టుకున్నాయి."

"అధ్యక్షుడే లేడా!" గండయ్యకి ఆ పురుగుల మీద జాలేసింది.

అప్పుడే దిబ్బకి అవతల ఇంకో తెల్ల పడవ కనపడింది. దాని అంచున నిలబడి, కోరలు తుడుచుకుంటూ, అడవిపంది కోరన్న.

గండయ్యకి నీళ్లలోనే చెమటలు పట్టాయి. "నూకరాజూ! ఏమిటది?"

"అదీ మాదే బాబూ. మా తమ్ముడు నడుపుతాడు. కోరన్నగోరు మాటాడుకున్నారు. సూడ్డానికి దిబ్బొకటే గదా, అందుకే ఇక్కడే ఆపినాడు."

"నాతో చెప్పలేదేం?"

"తమరడగనేదు."

కోరన్న మనుషులు కూడా నలుగురూ నీళ్లలోనే ఉన్నారు. తొమ్మిది నల్ల తొడుగులు, తొమ్మిది మాస్కులు, తొమ్మిది గొట్టాలు కలగాపులగంగా తేలుతున్నాయి. గండయ్య ఎలాగోలా పడవెక్కి ఈల వేశాడు. అటు కోరన్నా ఈల వేశాడు. తొమ్మిదిమందీ కంగారుపడి ఎవరికి దగ్గరగా ఉన్న నిచ్చెన వాళ్లు ఎక్కేశారు.

గుర్నాథం గబగబా తలకాయలు లెక్కపెట్టాడు. "ఐదు! సరిపోయిందండీ!"

గండయ్య ఊపిరి పీల్చుకున్నాడు. మాస్కులు తీశారు. కుందేలు బుల్లెమ్మ, ముళ్లపంది ఎర్రయ్య, ఉడుత... నెమలి, ముంగిస. కోతీ దుప్పీ లేరు. నెమలీ ముంగిసా కోరన్న వైపువాళ్లు.

"ఇది మన పడవ కాదా?" అంది నెమలి, తొడుగులో ఇరుక్కుపోయిన ఈకల్ని ఒక్కొక్కటే బయటికి లాక్కుంటూ. "పోనీలెండి, కుర్చీలు ఇలాంటివే. భోజనం ఎప్పుడు?"

గుర్నాథం అధ్యక్షుణ్ణి పక్కకి లాగాడు. "దేవుడు పంపించాడండీ! వీళ్లని దువ్వితే మనవాళ్లే. లెక్క ఐదు ఐదుగానే ఉంటుంది."

ఇక చూడాలి మర్యాదలు. నెమలికి నీడలో కుర్చీ వేశారు. ముంగిసకి కొబ్బరిబొండం కొట్టించారు. గండయ్య తన కోసం దాచుకున్న పుట్టతేనె కుండ మూత విప్పి, స్వయంగా వంగి ఇద్దరికీ వడ్డించాడు. "మొహమాటపడకండి. మీ ఇల్లే అనుకోండి."

మూలన ఎండలో నిలబడ్డ బుల్లెమ్మ మెల్లగా అడిగింది. "అన్నా, నాకూ ఓ చుక్క వెయ్యవూ? నోరంతా ఉప్పు ఉప్పుగా ఉంది."

"నువ్వు మనింటి పిల్లవి, నీకు మర్యాదలేమిటమ్మా," అన్నాడు గండయ్య వెనక్కి తిరక్కుండానే. "అక్కడ మరమరాలున్నాయి, ముగ్గురూ సర్దుకోండి."

మరమరాలు తడిసి మెత్తబడ్డాయి. ముగ్గురూ సర్దుకున్నారు.

అవతలి పడవలో కోతి గొడుగు కింద కాళ్లు చాపుకుని కూర్చుంది. కోరన్న దానికి ద్రాక్షపళ్లు ఒలిచి అందిస్తున్నాడు. దుప్పికి ఎవరో కొమ్ములు ఒత్తుతున్నారు. బుల్లెమ్మ చాలాసేపు అటే చూసింది.

మధ్యాహ్నం తేనె మత్తులో గండయ్యకి ఇంకో ఆలోచన వచ్చింది. వచ్చిన ఇద్దరూ ఉన్నారు. పోయిన ఇద్దర్నీ కూడా తెచ్చుకుంటే ఏడుగురు! కోరన్న మళ్లీ అడవిలో తలెత్తుకోలేడు.

"బుల్లెమ్మా, ఎర్రయ్యా, ఉడుతా! ఇంకోసారి దిగండి. మాస్కులు పెట్టుకుని చల్లగా అటు వెళ్లి, కోతినీ దుప్పినీ బుజ్జగించి తీసుకురండి. మీరైతే నాకు నమ్మకం."

"అలాగే అన్నా," అంది బుల్లెమ్మ. ముగ్గురూ దిగారు.

మూడు గొట్టాలు వరుసగా అవతలి పడవ వైపు సాగిపోవడం గండయ్య ముచ్చటగా చూశాడు. అటునుంచి రెండు గొట్టాలు ఇటు రావడం చూసి ఇంకా సంబరపడ్డాడు. "అప్పుడే ఒప్పించేశారోయ్!" అన్నాడు.

రెండు గొట్టాలూ నిచ్చెనెక్కాయి. మాస్కులు తీస్తే ఒకటి పునుగుపిల్లి, ఒకటి ఉడుము. కోరన్నకి మిగిలిన ఇద్దరూ వాళ్లే.

"మా నెమలినీ ముంగిసనీ తీసుకురమ్మని కోరన్న పంపాడు," అంది ఉడుము, నీళ్లు విదిలించుకుంటూ. "అది సరే గాని, తేనె ఇక్కడేనటగా?"

గుర్నాథం లెక్కపెట్టాడు. మళ్లీ లెక్కపెట్టాడు. "నాలుగండీ."

అవతలి పడవలో ఐదుగురు కూర్చుని ఉన్నారు. కోరన్న బుల్లెమ్మ ముందు వంగి మరీ ద్రాక్షగుత్తి పెడుతున్నాడు.

గండయ్య అంచుకి పరిగెత్తాడు. "బుల్లెమ్మా! నువ్వు కూడానా? తోడబుట్టినదానికంటే ఎక్కువనుకున్నానే! పొరపాటున ఎక్కావా? దిగొచ్చెయ్యమ్మా!"

"పొరపాటేం కాదన్నా," అని బుల్లెమ్మ అటునుంచి కేకేసింది. గొంతులో కోపం లేదు. "ఇన్నేళ్లూ నీ పక్కనే కూర్చున్నాను, నీకు కనపడలేదు. ఇవతలికొచ్చి కూర్చునేసరికి ఎంత బాగా కనపడుతున్నానో చూడు!"

గండయ్యకి నిజంగానే ఏడుపొచ్చింది. తప్పెక్కడ జరిగిందో ఆ క్షణాన అతనికి తెలిసింది. తెలిసిన మాట ఒప్పుకోవడం కష్టం గనక, వెంటనే గుర్నాథాన్ని తిట్టాడు. తర్వాత కుండలో మిగిలిన తేనె అడుగంటా గీకి ఆ నలుగురికే పెట్టాడు. ఇప్పుడు అతనికి ఉన్నది వాళ్లే మరి.

పొద్దుగూకింది. పడవలు రెండూ ఒడ్డుకొచ్చాయి. గుడ్లగూబగారు కళ్లు నులుముకుని, "అవిశ్వాసానికి అనుకూలమైనవాళ్లు తోకలెత్తండి" అన్నారు.

కోతి తోక లేచింది. దుప్పి తోక, ఉడుత తోక, ఎర్రయ్య తోక లేచాయి. బుల్లెమ్మ తోక మరీ చిన్నది కావడంతో అధికారి దగ్గరికొచ్చి వంగి చూడాల్సి వచ్చింది. అదీ నిక్కబొడుచుకునే ఉంది.

"ఐదు. తీర్మానం నెగ్గింది."

తీర్మానం మీద సంతకం పెట్టిన నెమలి, ముంగిస, పునుగుపిల్లి, ఉడుము మాత్రం గండయ్య వెనక నిలబడి, "ఇది ప్రజాస్వామ్యానికి చీకటి రోజు" అని నినాదాలిచ్చారు. వాళ్ల మూతులకింకా తేనె అంటుకునే ఉంది.

మర్నాడు కోరన్న బండెక్కాడు. ఎదురుగా తనని గెలిపించిన ఐదుగురూ వినయంగా నిలబడ్డారు. కోరన్న వాళ్ల వంక చూడలేదు. వాళ్లు ఎలాగూ మనవాళ్లే. దూరంగా గండయ్య పక్కన నిలబడ్డ నలుగురి వంక ఆశగా చూశాడు.

మధ్యాహ్నానికల్లా ఒక పెద్ద ద్రాక్షగుత్తి నెమలి ఇంటికి బయల్దేరింది. దాన్ని మోసుకెళ్తున్నది నక్క గుర్నాథం. దారి బుల్లెమ్మ కన్నం ముందునుంచే. ఆవిడ గుమ్మంలో నిలబడి, గుత్తి మలుపు తిరిగేదాకా చూసి, లోపలికెళ్లి, చిలకని పిలిచి, "గండయ్యన్న ఎలా ఉన్నాడో కనుక్కురా" అంది.

నీతి: మీ పడవలో మీకు మర్యాదగా వడ్డించాలంటే, ముందు పక్క పడవ ఎక్కండి.