ముప్పై ఒక్క ఏళ్ల వన్స్‌మోర్

బెజవాడ కొల్లివారి నాటకశాలలో ముప్పై ఒక్క ఏళ్ల కిందట వన్స్‌మోర్ పడిన పద్యం ఇంకా నడుస్తూనే ఉందట, రాజు వేషం కట్టిన గురునాథం ఇంకా స్టేజీ దిగలేదట. హాలు పక్కింటి మాణిక్యమ్మ ఈ మాట పాలావిడతో చెప్పింది. పాలావిడ ఆశ్చర్యపోలేదు. అరలీటరు పోసి పై ఇంటికి వెళ్లింది.

హాలు విశేషాలు గుమ్మం పక్క పలక మీద రాసి ఉన్నాయి. కట్టి నూట పదేళ్లు. టేకు స్తంభాలు పన్నెండు. ఆడవాళ్లకు వేరే ద్వారం, ప్రస్తుతం మూసి ఉంది. నాలుగో విశేషం గురునాథం. పద్యం అయిపోగానే మళ్లీ మొదలుపెడతాడు. భోజనానికి అరగంట, అదీ కిరీటం తీయకుండా. ఏటా కమిటీవారు కిరీటానికి కొత్త రంగు వేయించి, మనిషికి శాలువా కప్పుతారు.

ఆయన మోకాళ్లు వాచి కుండల్లా అయ్యాయి. ఒక్కరోజు ఇంట్లో నడుం వాల్చనివ్వమని భార్య విశాలాక్షి కమిటీ చుట్టూ తిరుగుతూనే ఉంది. కార్యదర్శి తాతారావు మర్యాదస్తుడు, ప్రతిసారీ కుర్చీ వేయించేవాడు. వన్స్‌మోర్ అన్నవాళ్లే వచ్చి చాలు అనాలని, అందులో నటుడి ఇష్టానికి చోటు లేదని చెప్పేవాడు. చనిపోయినవాళ్ల వన్స్‌మోర్ వారసులకు దక్కుతుందా అని రెండేళ్లు చర్చించి, దక్కదని తేల్చారు. దాంతో ఆనాడు వన్స్‌మోర్ అన్నవాళ్లలో బతికి మిగిలింది ఉయ్యూరు తోట అంకయ్య ఒక్కడే. ఎనభై ఆరేళ్లు.

విశాలాక్షి ఆయన్ని ఆటోలో తీసుకొచ్చింది. దారి పొడుగునా ఆయన చేత ఆ ఒక్క మాటే అనిపించింది. కంకిపాడు దాటేసరికి అంకయ్య తడుముకోకుండా చాలు అనేస్తున్నాడు.

ముందు వరసలో కూర్చోబెట్టారు. తాతారావు ఫారం, కలం పట్టుకుని పక్కన నిలబడ్డాడు. హార్మోనియం మోగింది. గురునాథం చెయ్యెత్తి, నోరు తెరిచి, తల పైకెత్తాడు. అంకయ్య కళ్లలో నీళ్లు తిరిగాయి. చేతికర్ర ఊతంగా లేచి నిలబడ్డాడు.

“వన్స్‌మోర్” అన్నాడు.

తాతారావు ఫారం మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఇది తాజా కోరిక కిందికి వస్తుందని, ఇలాంటి రసికుల వల్లే కళ బతికుందని మెల్లగా చెప్పాడు.

“ఏం రాగం తీశాడమ్మా మీ ఆయన. ఆ గొంతు అట్టాగే ఉంది” అన్నాడు అంకయ్య కళ్లు తుడుచుకుంటూ.

“ఆయన గొంతు పడిపోయి తొమ్మిదేళ్లయింది బాబాయిగారూ” అంది విశాలాక్షి. “తమరికేం వినపడిందంట?”