నవమి నాడు తిమింగలం

గోవిందయ్య మొదట వేసుకున్న పథకం చాలా చిన్నది. ఆదివారం తెల్లవారుజామున భార్య వరదమ్మతో కారులో బయలుదేరి, నాయుడుపేటలో ఇడ్లీలు తిని, వాకాడు దాటి సముద్రపు ఒడ్డు చేరాలి. అక్కడ పడవెక్కి తిమింగలాన్ని చూసి, పొద్దు వాలకముందే తిరుపతికి తిరుగుముఖం పట్టాలి. ఆ తీరంలో జాలరులకు వారం రోజులుగా తిమింగలం కనబడుతోందని పత్రికలో చదివినప్పటినుంచి, ముప్పై ఒక్క ఏళ్ళు హైస్కూల్లో సైన్సు చెప్పి రిటైరైన ఆ మనిషికి కాలు నిలవడం లేదు.

పడవ యజమాని వెంకటముని నంబరు సంపాదించి ఫోను చేశాడు.

"ఆదివారం వద్దు సార్. ఆ దినం నవమి. పున్నమికి రాండి, బ్రహ్మాండంగా సూపిస్తా."

గోవిందయ్య ఇంట్లో పంచాంగం లేదు. పెళ్ళైన మరుసటి ఏడాదే దాన్ని పాత పేపర్లవాడికి వేసేశాడు. అటువంటి మనిషి చెవిలో నవమి అన్న మాట పడింది.

"నవమైతే ఏమప్పా? తిమింగలం పంచాంగం చూసి ఈదుతాదా?"

"అది కాదు సార్, నేను చెప్పేది ఇనండి..."

"నువ్వేం చెప్తావో నాకు తెలుసులే. సముద్రం మీద బతికేవాడివి, నీకూ ఈ తిథులూ వారాలూ ఏందప్పా?"

అలా మొదలుపెట్టి మూఢనమ్మకాల పుట్టుపూర్వోత్తరాలను పద్దెనిమిది నిమిషాలపాటు వివరించాడు. వెంకటముని నడుమ రెండుసార్లు "సార్, ఆ మొగ కాడ..." అని ఆగిపోయి, చివరికి "సరే, మీ ఇష్టం సార్" అన్నాడు. ఒక మనిషికి జ్ఞానోదయం కలిగించానన్న తృప్తితో గోవిందయ్య కాఫీ తాగాడు.

అక్కడితో ఆగి ఉంటే నష్టం భార్యాభర్తలకే పరిమితమయ్యేది. కానీ సాయంత్రం పార్కులో, గుడి కార్యాలయంలో పనిచేసి రిటైరైన వేంకటాచలపతికి ఆ విషయం చెప్పాడు.

"నవమి నాడు ప్రయాణమా సార్! ఒక్క దినం ఆగి దశమికి పెట్టుకోరాదా?"

"నవమి నాడే. అదీ తెల్లారి కాదు, సాయంత్రం నాలుగున్నరకు, రాహుకాలంలో పడవెక్కుతా!"

"పడవ కదలకపోతే?"

"కదలకపోతే అందరి ముందరా తప్పొప్పుకుంటా. శనివారం ఉపన్యాసాలు మానేస్తా."

శాస్త్రీయ దృక్పథం మీద పదకొండేళ్ళుగా ప్రతి శనివారం పార్కు బెంచీ దగ్గర ఆయన చేసే ప్రసంగాలే ఆయనకు ఊపిరి. వాటికి ఏనాడూ ఐదుగురికి మించి వచ్చింది లేదు. అవి ఆగిపోయే అవకాశం ఉందని తెలియగానే మాత్రం ఇరవై ఇద్దరు ప్రయాణానికి పేర్లిచ్చారు. కారు మినీబస్సు అయింది. ఇడ్లీలు పోయి వరదమ్మ చేతి మీద పెద్ద దబరా నిండా పులిహోర వచ్చింది.

"ఒక చేపను సూడ్డానికి ఇంత సైన్యమా?" అంది ఆమె.

"తిమింగలం చేప కాదు, క్షీరదం," అన్నాడు గోవిందయ్య.

"ఏదైతేనేం, దానికీ పులిహోర నేనే కలపాల్నా?"

ఆదివారం సాయంత్రం నాలుగున్నరకు అందరూ రక్షణ జాకెట్లు తొడుక్కుని పెద్ద మరపడవలో కూర్చున్నారు.

"సార్, ఇంగొకసారి చెప్తాండా..." అన్నాడు వెంకటముని.

"ఇంజను వెయ్యప్పా!"

పడవ ఏటిలో హుందాగా సాగి, ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గర గర్రుమని ఆగింది.

"తిమింగలం తగిలింది!" అని ఎవరో కేకపెట్టారు. ఇరవై ఫోన్లు ఒక్కసారిగా పైకి లేచాయి. కిందికి తొంగిచూస్తే అడుగంతా ఇసుకే. నీళ్ళు మోకాలి లోతు కూడా లేవు. ఇక పంచెలు, ప్యాంట్లు పైకి మడిచి మగవాళ్ళంతా దిగారు. ఆడవాళ్ళు పైనుంచి సలహాలిచ్చారు. అరగంట తోసినా పడవ జానెడు జరగలేదు.

వెనకవైపు గోవిందయ్య పక్కనే తోస్తున్న వెంకటముని గొంతు తగ్గించి చెప్పాడు.

"నవమికి చందమామ సగమే గదా సార్. పోటు సరిగా లేవదు, ఈ ఇసకమేట మునగదు. పున్నమికీ అమాసకీ అయితే ఈడ నిలువెత్తు నీళ్ళుంటాయి. అదే చెప్పబోయినా, మీరు ఇన్లేదు."

గోవిందయ్యకు అప్పుడు గుర్తుకొచ్చింది. సూర్యుడూ చంద్రుడూ భూమికి లంబకోణంలో ఉన్నప్పుడు ఏర్పడేవి లఘు వేలా తరంగాలు, అంటే ఎత్తు తక్కువ పోట్లు. ముప్పై ఒక్క ఏళ్ళు రెండు రంగుల సుద్దముక్కలతో తాను గీసిన బొమ్మే అది. ఏటా అయిదు మార్కులకు ఇచ్చేవాడు, రాయనివాణ్ణి బెంచీ ఎక్కించేవాడు.

అంతలో వేంకటాచలపతి చెమట తుడుచుకుంటూ వచ్చి, ఎంతో దయగా భుజం మీద చెయ్యి వేశాడు.

"మీ తప్పేముండాది సార్? అంతా తిథి దోషం. ఎంతటివాళ్ళకైనా తప్పదు."

అందరూ తోయడం ఆపి గోవిందయ్య వైపు చూశారు. అసలు కారణం వివరిస్తే మూఢనమ్మకం ఓడిపోతుంది. దానితోపాటు సొంత పాఠం మరిచిన సైన్సు మాష్టారు కూడా. వివరించకపోతే మాష్టారు దక్కుతాడు, జీవితకాలపు వాదన ఆ మోకాలి లోతు నీళ్ళలోనే మునిగిపోతుంది.

"ఎప్పుడూ లేంది నోరు పడిపోయిందే! ఏమైందో చెప్పండి," అంది పైనుంచి వరదమ్మ.

గోవిందయ్య గొంతు సవరించుకున్నాడు.

"అవునండీ, తిథి బాగాలేదు."

శాస్త్రరీత్యా అందులో ఒక్క అక్షరం కూడా అబద్ధం కాదు.